బండి చప్పుడులో వినపడలేదు

మా వీధిలో పగ పట్టడం చేతనైన మనిషి ఒక్కతే. మిగతా వాళ్ళమంతా తిట్టుకుంటాం, పంపు దగ్గర మొహాలు తిప్పుకుంటాం, వారం తిరక్కుండానే చారెడు పంచదార కోసం మళ్ళీ అదే గుమ్మం ఎక్కుతాం. అది పగ కాదు, కాలక్షేపం. అసలు పగ ఎలా ఉంటుందో మా పక్కింటి డ్రైవరమ్మ దగ్గర చూశాను.

సన్నగా ఉంటుంది. మాట తక్కువ. పది మాటలు మాట్లాడాల్సిన చోట ఒకటి మాట్లాడి, మిగతా తొమ్మిదీ కళ్ళతో కానిచ్చేస్తుంది. ఆమె మొగుడికి లారీల షెడ్డు ఉండేది. అతను బతికున్నప్పుడు ఇద్దరూ వంతులేసుకుని డీజిలు బండి నడిపేవాళ్ళు. అతనికి చెవి గొప్ప. బ్యానెట్టు ఎత్తకుండానే ఇంజను రోగం చెప్పేవాడు. సీటు వెనకాల ఒక ఇనప పెట్టె, దాన్నిండా స్పానర్లు. ఆ పెట్టెను గళ్ళ దుప్పటిలో చుట్టి పెట్టుకునేవాడు. "ఎందుకయ్యా, అవేం పసిపిల్లలా?" అని నేనడిగితే, "ఇవి గలగలమంటుంటే ఇంజను మాట వినపడదు పిన్నీ" అన్నాడు.

జ్వరంతో ఆసుపత్రికి నడిచి వెళ్ళినవాడు నడిచి రాలేదు.

అతని తమ్ముడు, అంటే డ్రైవరమ్మకు మరిది, అన్న పోయాక షెడ్డు తాళం మార్చేశాడు. గేటు మీద అన్న పేరు తుడిపించి తన పేరు రాయించాడు. బండి కూడా తనదేనన్నాడు. కాగితాలు ఎలా పుట్టించాడో ఆ దేవుడికే తెలియాలి. డ్రైవరమ్మ వాటి కోసం నోరు తెరవలేదు. "ఆ పెట్టె ఒక్కటీ తెచ్చుకుంటా పిన్నీ, తోడు వస్తావా?" అంది. పిలవకపోయినా వెళ్ళేదాన్ని, ఇక పిలిస్తే ఆగుతానా?

మరిది బండి ఎక్కి కూర్చున్నాడు. చుట్టూ పనివాళ్ళు. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి, "మరిదిగారూ, మీ అన్న పెట్టె ఇస్తే..." అంది. వాడు యాక్సిలరేటరు మీద కాలేసి తొక్కాడు. ఇంజను బొంయ్‌మంది. నల్లటి పొగ మా ఇద్దరి మొహాన కొట్టింది.

"ఆఁ? ఏంటీ? బండి చప్పుడులో వినపడట్లేదు!"

ఆమె మళ్ళీ అడిగింది. వాడు మళ్ళీ తొక్కాడు. పనివాళ్ళు పడీ పడీ నవ్వారు. మూడోసారి ఆమె పెదాలు కదలడం నేను చూశాను, మాట మాత్రం నాకే వినపడలేదు. అప్పుడు నేనందుకున్నాను. "ఏమయ్యా, వదిన అడుగుతుంటే ఏంటా తొక్కుడు? వదినంటే తల్లి తర్వాత తల్లి!" అన్నాను.

వాడు ఇంజను ఆపాడు. ఆ ముక్క చెప్పడానికి మాత్రం వాడికి నిశ్శబ్దం కావలసి వచ్చింది. "వదినెవరు? అన్న పోయాడు, వరసా పోయింది. ఈ మూగదానికి పెట్టె ఎందుకు, లోపల కూర్చోడానికా?" అన్నాడు.

తిరిగి వచ్చే దారంతా నేను వాణ్ణి నా శక్తి కొద్దీ తిట్టాను. ఆమె మాత్రం వీధి మొగలో ఆగి ఒకే మాట అడిగింది.

"పిన్నీ, చప్పుడు చెయ్యని బండి ఉంటుందా?"

"ఎందుకుండదూ? తోపుడు బండి" అన్నాను.

ఆమె నవ్వలేదు. అప్పుడే అనుకున్నాను, ఇది ఊరికే పోయే కోపం కాదని.

తర్వాత కొన్నేళ్ళు వడ్రంగి దుకాణానికి బండి తోలింది. పరాయి బండి, పరాయి బరువు. బ్యాంకు గుమ్మం ఎన్నిసార్లు తొక్కిందో, వాళ్ళు ఎన్ని సంతకాలు పెట్టించుకున్నారో నేను గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు. ఓ పొద్దున పళ్ళు తోముకుంటూ వాకిట్లో నిలబడితే నా మీద నీడ పడింది. చప్పుడు లేదు. తలెత్తి చూస్తే ఎదురుగా బూడిదరంగు పికప్ ట్రక్కు, ముందు నలుగురు కూర్చునే గది, వెనక బరువులేసే తొట్టి. నా ముక్కుకీ దాని ముక్కుకీ మధ్య జానెడు దూరం. పై నుంచి డ్రైవరమ్మ చూస్తోంది.

నోట్లో బ్రష్షు ఉండగానే దాని చుట్టూ తిరిగాను. వింత బండి. మొహానికి జాలీ లేదు, గోడలా నున్నగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టీలా ఒకటే దీపం. వెనకాల పొగగొట్టం కోసం వంగి వంగి చూశాను, లేదు.

"ఏదీ, బ్యానెట్టు తియ్యి. ఇంజను చూస్తాను."

ఏదో మీట నొక్కింది. మూత దానంతటదే లేచింది. లోపల ఖాళీ! భోషాణంలా శుభ్రమైన గొయ్యి. చిన్న దీపం, కడిగితే నీళ్ళు పోవడానికి అడుగున బిరడా. గళ్ళ దుప్పటి ఒకటి మడత పెట్టి పరిచి ఉంది.

"ఇంజనేదే? దార్లో ఎవరన్నా ఎత్తుకుపోయారా?"

అంతకాలానికి ఆమె నవ్వడం చూశాను. "దీనికి ఇంజను ఉండదు పిన్నీ. కరెంటు బండి. ముందు చక్రాలకో మోటారు, వెనక చక్రాలకో మోటారు. బ్యాటరీ అంతా మన కాళ్ళ కింద పరుపులా పరిచి ఉంటుంది. బరువంతా కిందే ఉంది కాబట్టి మలుపుల్లో ఊగదు."

"మరి ఈ దుప్పటి ఎవరికి?"

"ఒకటి రావలసి ఉంది."

ఎంత లాగినా ఇంకో ముక్క రాలలేదు. ఆ గొయ్యిలో ఆమె ఏనాడూ ఏమీ పెట్టలేదు. వర్షంలో కూరగాయల సంచి తడుస్తున్నా ఒళ్ళో పెట్టుకుంది తప్ప అందులో వెయ్యలేదు.

ఆ రోజే తొట్టీ, ముందు గదీ రెండూ ఎక్కి చూశాను. తొట్టి వెనక తలుపు వాలిస్తే దానికే మెట్టు ఉంది, నా మోకాళ్ళు దాన్ని దీవించాయి. ముందు గదిలో మా ఇంటి పీటంత తెర. వెనకాల ఏముందో, ఎంత కరెంటు మిగిలిందో, ఇంకెంత దూరం పోగలదో అన్నీ అందులోనే కనపడతాయి. గేర్లు లేవు, క్లచ్చు లేదు. ఒక్క కాలితోనే సంసారం. నొక్కితే పోతుంది, ఎత్తితే నెమ్మదిస్తుంది. పల్లంలో కాలెత్తితే మోటార్లే చక్రాలను పట్టి ఆపుతూ కొంత కరెంటు వెనక్కి నింపుకుంటాయట.

"దిగుతుంటే నిండటమా! నా ఒంటికి కూడా అలాంటిది పెట్టించవే" అన్నాను.

సిగ్నలు దగ్గర పచ్చదీపం పడింది. ఆమె కాలు నొక్కింది. నా వీపు సీటుకు అతుక్కుంది, నోట్లోని పిప్పరమెంటు గొంతులోకి జారింది. డీజిలు బండి కదిలేముందు దగ్గుతుంది, మూలుగుతుంది, గేరు మారినప్పుడల్లా ఊపిరి తీసుకుంటుంది. దీనికి ఆ వేషాలు లేవు. మొదటి అడుగులోనే ఉన్న బలమంతా ఇచ్చేస్తుంది. బయట నడిచేవాళ్ళకు తెలియడానికి మెల్లగా పోయేటప్పుడు సన్నని రొద పెట్టారట. మా వీధి కుక్క కూడా దాన్ని లెక్కచెయ్యదు.

లోపాలు లేవని కాదు. నిండా బరువేస్తే, ఖాళీగా పోయే దూరంలో సగం పోయేసరికే బ్యాటరీ నీరసపడుతుంది. ఇంటి ప్లగ్గుకి పెడితే నిండటానికి రోజు చాలదు. ఒకసారి దూరం లెక్క తప్పి, చల్లగాలి కట్టేసి, చెమటలు కక్కుకుంటూ నత్తలా ఇల్లు చేరింది. ఎదురుపడిన మరిది లారీలోంచి తల బయటికి పెట్టి, "కుట్టుమిషను ఆగిపోయిందా? తోసేవాళ్ళు కావాలా?" అని అరిచాడు. ఆమె దాన్నీ లెక్కలో వేసుకుంది.

వడ్రంగి ఆ బండిని నెత్తిన పెట్టుకున్నాడు. తొట్టి గోడలో ప్లగ్గులున్నాయి మరి. కరెంటు రాని కొత్త కట్టడాల దగ్గర బండి ఆపి, రంపం దానికే తగిలించి పలకలు కోసేస్తాడు. "అక్కా, నీ బండి ఉంటే ఊరు చీకటైనా నా రంపం ఆగదు" అంటాడు. రోజూ అతని చెక్క సామాను వేసుకుని ఆమె చేపల మార్కెట్టు మీదుగా పోవాలి. ఆ మార్కెట్టు మెరక మీద ఉంది. మరిది లారీ కూడా అదే దారి, అదే వేళకి. వాడు అన్న లారీలోనే ఐసు ఫ్యాక్టరీ నుంచి ఐసు దిమ్మలు తోలేవాడు.

ఇక్కడే ఉంది డ్రైవరమ్మ పనితనం.

ఆ మెరక సగంలో రోడ్డు మీద తెల్లచారలు ఉంటాయి, మనుషులు దాటడానికి. అవి అక్కడున్నట్టు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఏ బండీ ఆగదు, చేపల ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తాల్సిందే. డ్రైవరమ్మ మాత్రం ఆగడం మొదలుపెట్టింది. అదీ మరిది లారీ తన వెనకాల ఉన్నప్పుడే. తట్టతో ఎవరైనా కనపడితే చాలు, టక్కున ఆగి, చెయ్యి ఊపి, "రండి, నిదానంగా దాటండి" అంటుంది. ఆమె బండి మెరక మీద బొమ్మలా నిలబడుతుంది, అంగుళం వెనక్కి జారదు. వెనక లారీ కూడా ఆగాలి. ఐసు బరువుతో మెరక మీద ఆగిన డీజిలు లారీ మళ్ళీ కదలాలంటే క్లచ్చు సగం వదిలి, సగం పట్టి, ఇంజనును గింజుకోనివ్వాలి. ప్రతిసారీ లోపల క్లచ్చు పలక అరుగుతుంది, మాడుతుంది.

నేను పక్క సీట్లో కూర్చుని రోజూ చూసేదాన్ని. చేపలావిడ ఒకామె ఉంది, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. షెడ్డు సంగతంతా ఆవిడకు నేనే చెప్పాను. ఆమె అయితే దాటాక ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ వెనక్కి దాటేది.

"ఏమే, ఎందుకే ఇక్కడే ఆపుతావ్?" అన్నాను ఓ రోజు.

"మనుషులు దాటుతున్నారుగా పిన్నీ. ఆపాలి. చట్టం."

"చట్టమా! మరి వాడు వెనకాల లేనప్పుడో?"

"అప్పుడు ఎవరూ దాటట్లేదు" అంది, కళ్ళు రోడ్డు మీదే ఉంచి. తర్వాత, నేను అడక్కుండానే ఇంకో ముక్క చెప్పింది. "ఆయన మెరక మీద లారీ ఆపేవాడు కాదు పిన్నీ. కింద ఖాళీ అయ్యేదాకా ఆగి, ఒక్క ఊపున ఎక్కించేవాడు. తమ్ముడికీ చెప్పాడు. వాడు వినలేదు. వాడికి ఏదీ వినపడదుగా."

నా ఒళ్ళు ఝల్లుమంది. భయం కాదు, ఆనందం. కుక్క కాటుకు చెప్పుదెబ్బ వెయ్యడం అందరికీ వచ్చు. కుక్క చేతే చెప్పు మోయించడం ఈమెకే వచ్చు.

మరిది కూడా ఊరుకోలేదు. బొమ్మబండి ముందు తన లారీ తీసికట్టు కాదని చూపించుకోవాలిగా? ఇంకా ఎక్కువ ఐసు వేసుకు రావడం మొదలుపెట్టాడు. హారను కొడుతూ, ముందున్న మమ్మల్ని రాసుకునేంత దగ్గరగా వచ్చేవాడు. మెరక ఎక్కేసరికి వాడి లారీ కింద కాలిన వాసన వచ్చేది. నాకు ఆ వాసన రోజురోజుకీ ఇష్టమైపోయింది.

ఎండ మండుతున్న ఓ మధ్యాహ్నం, చేపలావిడ తట్టతో దాటుతోంది. మేం ఆగాం. వెనక లారీ ఆగింది. ఆవిడ దాటింది, మేం కదిలాం. వెనకాల ఇంజను గీపెట్టింది, లారీ కదల్లేదు. మళ్ళీ గీపెట్టింది. గుప్పున పొగ, ముక్కు పగిలే కంపు. క్లచ్చు పోయింది. లారీ వెనక్కి జారబోతే పనివాళ్ళు చక్రాల కింద రాళ్ళు పెట్టి నిలబెట్టారు.

డ్రైవరమ్మ తెరలో అదంతా చూసింది. బండి పక్కకి తీసి ఆపింది. ఆపి, సీసా తీసి నిదానంగా నీళ్ళు తాగింది.

లారీ తొట్టిలోంచి నీళ్ళు కారడం మొదలైంది. సన్నని ధార, తర్వాత ధారలు. మెరక పొడవునా ఐసు నీళ్ళు తళతళమంటూ పారుతున్నాయి. పైన మార్కెట్టులో చేపలు పరిచి కూర్చున్నవాళ్ళు ఐసు ఏదని కేకలేస్తున్నారు. వాడు ఫోన్లు చేశాడు. వేరే బండి రావాలంటే సాయంత్రమవుతుంది, ఐసు అప్పటిదాకా ఆగదు. చివరికి వాడి చూపు మా బండి వెనకాల ఉన్న ఇనప కొక్కెం మీద పడింది.

ముందు పనివాడి చేత చెప్పించాడు. "అమ్మా, కాస్త లాగమంటున్నాడు."

"ఎవరు?" అంది డ్రైవరమ్మ. పనివాడు చేత్తో చూపించాడు. "ఆయనకు నోరుందిగా" అంది.

వాడే వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. కిటికీ దగ్గర నిలబడి, "ఇదిగో, కొంచెం పైదాకా లాగు" అన్నాడు.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఆఁ? ఏంటీ? బండి చప్పుడులో వినపడట్లేదు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మా బండి రాయిలా నిశ్శబ్దంగా ఉంది. అందరికన్నా ముందు చేపలావిడకు వెలిగింది. తట్ట దించి, రెండు చెవులూ మూసుకుని, "అబ్బబ్బ! ఏం చప్పుడమ్మా ఈ బండి! చెవులు చిల్లులు పడుతున్నాయి, కాస్త ఆపవే తల్లీ!" అంది. మెరకంతా గొల్లుమంది. ఆ రోజు షెడ్డులో నవ్విన పనివాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేక లారీ చాటుకు పోయారు.

వాడి మొహం కందగడ్డయింది. "లాగమంటున్నా!" అన్నాడు గట్టిగా.

"ఎవర్నో పిలుస్తున్నట్టున్నారు పిన్నీ. ఎవరినో?" అంది నాతో.

"ఏమోనమ్మా, వరస పెట్టి పిలిస్తే కదా తెలిసేది" అన్నాను. ఆ మాట ఎన్నేళ్ళుగా నా నాలుక కింద ఉందో!

వాడు కారుతున్న ఐసు వంక చూశాడు, జనం వంక చూశాడు. "వదినా" అన్నాడు, నేలతో చెబుతున్నట్టు.

"బండి చప్పుడు మరిదిగారూ. గట్టిగా."

"వదినా!"

పైన మార్కెట్టులో కూర్చున్నవాళ్ళు తొంగి చూశారు.

"ఇప్పుడు కొంచెం వినపడింది" అంది. "మీ సీటు వెనకాల ఇనప పెట్టె ఉండాలి. ముందు అది, తర్వాత గొలుసు."

"ఐసు కరిగిపోతోంది వదినా! పెట్టె ఇంటికి పంపిస్తాలే!"

"కరగనివ్వండి. నాకు తొందర లేదు. నా బండిలో ఉన్నది చెక్క."

వాడే తెచ్చాడు. పనివాడు అందుకోబోతే ఆమె వేలు ఊపి వద్దంది. రెండు చేతులా మోసుకుంటూ మెరక ఎక్కి మా బండి ముందుకొచ్చాడు. మూత లేచింది. ఇంజను ఉండాల్సిన చోట గళ్ళ దుప్పటి. అచ్చం అన్న దుప్పటి లాంటిదే అని వాడు గుర్తుపట్టాడు, చేతులు ఆగాయి. నా కళ్ళబడకుండా పోతుందా? దాని మీద పెట్టె దించాడు. మూత పడింది.

గొలుసు తగిలించారు. రాళ్ళు తీశారు. ఆమె కాలు మెల్లగా ఆనించింది. గొలుసు బిగిసింది. మా బండిలో చెక్క, వెనకాల లారీ, లారీ నిండా ఐసు. గీపెట్టలేదు, పొగ లేదు, ఒక్క కుదుపు లేదు. గోడ కదిలినట్టు కదిలింది. పిల్లాణ్ణి చెవి పట్టుకుని బడికి తీసుకెళ్ళినట్టు లారీ వెనకాలే వచ్చింది. ఓడలు బళ్ళవుతాయంటారు గానీ, లారీ తోకవడం నేను అప్పుడే చూశాను.

మెరక ఎక్కాక ఐసు దించే చోటు కుడి పక్కనే. ఆమె ఎడమకు తిప్పింది.

"దారి తప్పావే అమ్మాయ్?"

"లేదు పిన్నీ. ఇటు జనం ఎక్కువ."

మార్కెట్టు చుట్టూ తిప్పింది, నడిచే మనిషి వేగంతో. రొయ్యల వరస, ఎండుచేపల వరస, తూకాల దగ్గర, టీ కొట్టు ముందు. ప్రతి వరసలోనూ లేచి నిలబడి చూశారు. చేపలావిడ ముందు నడుస్తూ దారి చేస్తోంది. "తప్పుకోండి, తప్పుకోండి! మూగదాని వెనకాల మాటకారి వస్తున్నాడు!" లారీలో స్టీరింగు పట్టుకున్న వాడు తెరలో కనపడుతూనే ఉన్నాడు, కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. దారి పొడవునా ఐసు నీళ్ళ గీత. ఎవరైనా ఆ గీత పట్టుకుని వాడి పరువు ఎక్కడెక్కడ పోయిందో వెతుక్కోవచ్చు.

దించే చోట ఆగాం. వాడే వంగి గొలుసు విప్పుతూ, తల వంచుకునే మాట్లాడాడు. "పాతవన్నీ మనసులో పెట్టుకోకు వదినా. షెడ్డు నాదొక్కడిదే కాదులే. గేటు మీద అన్న పేరు మళ్ళీ రాయిస్తా. ఒకసారి ఇంటికి రా, కూర్చుని మాట్లాడుకుందాం. నేను చేసింది తప్పే..."

గొలుసు కింద పడ్డ మరుక్షణం ఆమె కాలు కదిలింది. మార్కెట్టు గోలలో ఆ సన్నని రొద ఎవరికి వినపడుతుంది? తెరలో చూశాను. వాడింకా వంగే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. నడుము ఎత్తేసరికి ఎదురుగా ఖాళీ రోడ్డు. పక్కనున్న చేపల తట్టకు తప్పు ఒప్పుకుని నిలబడ్డాడు.

మలుపు తిరిగాక అడిగాను. "వాడు అన్నది వినపడలేదేమో అమ్మాయ్. పేరు రాయిస్తాడట. తప్పేనంటున్నాడు."

"ప్రతి ముక్కా వినపడింది పిన్నీ" అంది. "ఈ బండిలో ఏ మాటా పోదు. అందుకేగా ఇది కొన్నది."

"మరి జవాబు చెప్పకుండా వచ్చేశావే?"

"వాడు ఎదురుచూడనీ. నేనూ చూశాను."

మెరక దిగుతుంటే రోడ్డు మీద గతుకు తగిలింది. ముందు మూత కింద, ఇంజను ఉండాల్సిన చోట, స్పానర్లు గలగలమన్నాయి. నేను ఉలిక్కిపడ్డాను. ఆ బండిలో చప్పుడు వినడం అదే మొదలు.

"పెట్టెకు దుప్పటి చుట్టనేలేదే నువ్వు. ఆపు, సర్దుతాను."

ఆమె ఆపలేదు.

"ఇప్పుడు వినాల్సిన ఇంజను లేదుగా పిన్నీ" అంది. "మోగనీ."